రోబో కోసం మూడు రోజుల సముద్రం

ముందే చెప్పేస్తున్నాను, నాకు రాయడం రాదు. బాంబూఫ్లాట్ తెలుగు బడిలో అయిదో తరగతి వరకే చదివాను. ఆ తర్వాత కలం పట్టుకున్నది రేషను కాగితాలకీ, పిల్లల బడి కాగితాలకీ సంతకాలు పెట్టడానికే. ఒత్తులు ఎక్కడ పెట్టాలో, దీర్ఘాలు ఎక్కడ తియ్యాలో సరిగ్గా తెలియదు. మధ్యలో హిందీ దొర్లుతుంది, మా దీవుల్లో అందరం అలాగే మాట్లాడతాం. చదివినవాళ్ళు చూస్తే ఏమనుకుంటారో అని సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను. వైజాగు నుంచి తిరిగొచ్చి నాలుగు నెలలైనా నా కోపం తగ్గలేదు. అది ఎవరి మీదో కూడా నాకు పూర్తిగా తెలియదు. రాస్తే తెలుస్తుందేమో.

బాంబూఫ్లాట్ జెట్టీ

మా అత్త పేరు పోలమ్మ. డెబ్బై దాటాయి, ఎంత దాటాయో ఆవిడకే తెలియదు. స్వతంత్రం వచ్చాక మా మామ వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వలలు సర్దుకుని ఇక్కడికొచ్చాడు. అత్త పెళ్ళై ఓడలో వచ్చింది. వచ్చిన నెల నుంచీ జెట్టీ దగ్గర కత్తిపీట ముందు గొంతుక్కూర్చుని చేపలు కోస్తూనే ఉంది. బెంగాలీవాళ్ళకి తలకాయ విడిగా తీసి ఇస్తుంది. తమిళంవాళ్ళకి కోనెం చేప పలచగా చక్రాల్లా కోస్తుంది. కూలిపనులకి వచ్చిన రాంచీవాళ్ళు అడక్కుండానే చిన్న చేపలు నాలుగు ఎక్కువ వేస్తుంది. ఆవిడ కోస్తుంటే చూడ్డానికే కొందరు నిలబడతారు.

ఒక సోమవారం పొద్దున్న జెట్టీ మెట్ల మీద నాచుకి కాలు జారింది. చేతిలో చేపలున్న మంచునీళ్ళ తొట్టి ఉంది. తొట్టి వదల్లేదు, అందుకే చెయ్యి ఆనించుకోలేక తుంటి మీద పడింది. నేను పరిగెత్తుకెళ్ళేసరికి కూర్చునే ఉంది. ముందు చేపలు ఏరమంది. ఏరాక లేవబోయింది, లేవలేకపోయింది.

మా ఆయన అప్పటికి రెండు రోజులుగా సముద్రంలో చేపల వేటలో ఉన్నాడు. ఫోను తగల్లేదు. ఆటోలో పడుకోబెట్టి, ఆటోతో సహా ఫెర్రీ ఎక్కించి పోర్ట్ బ్లెయిర్ సర్కారు ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఫెర్రీలో ఉన్నవాళ్ళందరూ అత్తకి తెలిసినవాళ్ళే. రేపు చేపలుండవా అని ఒకాయన అడిగాడు. ఎల్లుండి రమ్మంది అత్త.

ఆస్పత్రిలో నా సంతకం

అక్కడ డాక్టరు చిన్నవాడు, హిందీ ఆయన. ఎక్స్‌రే ఫిల్మ్ వెలుతురుకి పెట్టి నాకు చూపించాడు. తుంటి ఎముక మెడ దగ్గర సన్నని పగులు, గుడ్డు పెంకు మీద గీతలాగా. ముక్క ఇంకా కదల్లేదు, దాని చోటులోనే ఉంది.

"కల్ సుబహ్ తీన్ స్క్రూ డాల్ దేంగే. మాతాజీ చల్‌నే లగేంగీ" అన్నాడు. రేపు పొద్దున్నే మూడు స్క్రూలు వేస్తాం, నడుస్తుంది అని. పెద్దవాళ్ళ ఎముక విషయంలో ఆలస్యం మాత్రం చెయ్యకూడదని రెండుసార్లు చెప్పాడు.

నేను సరే అనేదాన్నే. ఇంతలో గరాచర్మ నుంచి మా మరిది రాజు వచ్చాడు. వాడు ఆఫీసులో గుమాస్తా, మా ఇంట్లో చదువుకున్నవాడు వాడొక్కడే. ఫోనులో ఒక వీడియో చూపించాడు. వైజాగులో ఒక ప్రైవేటు ఆస్పత్రి, తెల్లటి ఇనప చెయ్యి, నీలం లైట్లు. ఒక ముసలావిడ మర్నాడే లేచి నడుస్తోంది, వెనకాల పాట.

"ఇక్కడ చేత్తో వేస్తారు వదినా. అక్కడ రోబో వేస్తుంది. వెంట్రుకంత తేడా కూడా రాదు. అమ్మకి ఇలాంటి చోట చేయిస్తామా?"

ఇలాంటి చోట అన్నాడు. వాడు పుట్టింది ఆ ఆస్పత్రిలోనే.

బయటివాళ్ళకి ఇది అర్థం కాదు, అందుకే చెప్తున్నాను. మా దీవుల్లో ఉల్లిపాయ ఓడలో వస్తుంది. బియ్యం, సిమెంటు, ఇనుము, పెళ్ళి చీర, జ్వరం బిళ్ళ, అన్నీ ఓడలోనే వస్తాయి. ఒకటే సబ్బు రెండు కొట్లలో ఉంటే, ఇది మెయిన్‌ల్యాండ్ నుంచి నిన్ననే వచ్చింది అన్నవాడి దగ్గరే కొంటాం. మంచిదంటే సముద్రం దాటి రావాలి, లేదంటే దాని కోసం మనమే దాటి వెళ్ళాలి. చిన్నప్పటి నుంచీ అలా అలవాటు పడిపోయాం. ఎముక కూడా అంతే అనుకున్నాం.

విమానంలో స్ట్రెచరు ఎక్కించాలంటే ఆ అనుమతులు ఎప్పటికొస్తాయో తెలియదన్నారు. శుక్రవారం వైజాగు ఓడ ఉంది. ఆపరేషను వద్దని రాసి ఇవ్వమన్నారు. కాగితం ఇంగ్లీషులో ఉంది. చదవలేదు, చదవలేను కూడా. మా ఇంట్లో ఆడవాళ్ళలో సంతకం వచ్చినదాన్ని నేనే కాబట్టి నా ముందు పెట్టారు. రాజు ఆఫీసుకి సెలవు లేదని వెళ్ళిపోయే తొందరలో ఉన్నాడు. పెట్టేశాను. అత్త మంచం మీద పడుకుని ఫ్యాను చూస్తోంది. ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు.

కాలు కదలకూడదని డాక్టరు చెప్పాడు. పక్కన ఇసక సంచులు పెట్టి కట్టించాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఓడ, మొదటి రోజు

శుక్రవారానికి కూడా మా ఆయన వేట నుంచి తిరిగి రాలేదు. అత్తని నలుగురు కూలీలు స్ట్రెచరు మీద ఓడ మెట్లెక్కించారు. సగం మెట్ల మీద స్ట్రెచరు ఒరిగింది. పెళ్ళికూతుర్ని కూడా ఇంత ఊపి తేలేదురా అంది అత్త. కూలీలు నవ్వారు, నాకు నవ్వు రాలేదు.

ఓడలో ఆస్పత్రి గది ఒకటుంది. అందులో మంచమిచ్చారు. మెయిన్‌ల్యాండ్‌కి వట్టి చేతుల్తో వెళ్ళం కాబట్టి నేను ఎండుచేపల మూట ఒకటి, కొబ్బరికాయలు పన్నెండు తెచ్చాను. పెద్ద డాక్టరుకి ఇద్దామని.

భోజనం గంట కొట్టాక క్యాంటీనుకి వెళ్ళి పళ్ళెం తెచ్చాను. అన్నం, పప్పు, ఒక గుడ్డు. అత్త ఒక ముద్ద తిని, "ఈ పప్పులో పప్పు కంటే సముద్రమే ఎక్కువుందే" అంది. గుడ్డు నాకిచ్చేసింది.

మధ్యాహ్నం ఒక బెంగాలీ దాదా, ఆయన భార్య గుమ్మం దగ్గర ఆగారు. డిగ్లీపూర్ వైపు వాళ్ళు, కూతుర్ని చూడ్డానికి వెళ్తున్నారు. దాదా చేతిలో ఏమీ లేదు, ఆవిడ చేతిలో రెండంతస్తుల క్యారేజీ ఉంది. ఓడ మెట్లు దిగి వచ్చింది. అత్తకి ఏమైందని అడిగింది. చెప్పాను.

ఆవిడ క్యారేజీ కింద పెట్టి, తన తుంటి మీద అరచేత్తో కొట్టుకుంది. తలుపు తట్టినట్టు.

"మేరా భీ, దీదీ. తీన్ స్క్రూ."

నాక్కూడా ఇదే, మూడు స్క్రూలు అని. ఎక్కడ చేశారని అడిగాను. పోర్ట్ బ్లెయిర్లో అంది. ఆ సర్కారు ఆస్పత్రిలోనే. పడిన మూడో రోజున చేశారట. ఇప్పుడు వక్కతోటలో కలుపు తీస్తుందట. కింద కూర్చుని తీస్తావా అని అత్త అడిగింది. మరి నిలబడి తీస్తారా అని ఆవిడ నవ్వింది.

ఆవిడ మెట్లెక్కి వెళ్ళేదాకా అత్త చూస్తూనే ఉంది. తర్వాత మెల్లిగా అంది.

"ఆ ముసిల్దానికి రోబో నేదు కాదేటే పారోతీ?"

లేదన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఇంతమంది ఉన్నారు కదా మా దీవుల్లో, ఆ ఆస్పత్రిలో కాలు బాగుచేయించుకున్నవాళ్ళు. వాళ్ళ వీడియో ఎవరూ తియ్యరెందుకు? బాగైనవాళ్ళు ఇంటికెళ్ళి కలుపు తీసుకుంటారు, అంతే. వెనకాల పాట ఉండదు.

ఓడ, రెండో రోజు

పొద్దున్న సముద్రం బాగానే ఉంది. పదకొండింటికి మబ్బు పట్టి అలలు లేచాయి. నేను పుట్టినప్పటి నుంచీ సముద్రం మీదే ఉన్నాను, నాకు భయం లేదు. గది బయట డబ్బాలు అటూ ఇటూ దొర్లుతుంటే కొబ్బరికాయల సంచి పట్టుకోడానికి లేచాను. అదీ నా తెలివి. కొబ్బరికాయలు పట్టుకున్నాను.

ఓడ ఒక పక్కకి బాగా ఒరిగి లేచింది. ఇసక సంచి జారి నేల మీద పడింది. అత్త మంచం అంచు కమ్మీకి వెళ్ళి తగిలింది. అరవలేదు. గట్టిగా ఊపిరి పీల్చి, అలాగే బిగబట్టింది.

ఓడ నర్సు వచ్చింది, సూది వేసింది. దుప్పటి సర్దుతూ నేను అత్త కాళ్ళు చూశాను. పొద్దున్న రెండు మడమలూ పక్కపక్కనే ఉన్నాయి. ఇప్పుడు ఒక మడమ పైకి పోయింది. పాదం బయటికి తిరిగిపోయింది, గోడ వైపు చూస్తున్నట్టు. నర్సు కూడా చూసింది. నా మొహం చూడకుండా సంచి మళ్ళీ పెట్టి కట్టింది.

వెనక్కి తిప్పమని ఎవరిని అడగాలి? ఓడ అంటే ఆటో కాదు కదా. ఇంకా ఒక రోజున్నర ప్రయాణం ఉంది. సిగ్నల్ లేదు కాబట్టి రాజుకి ఫోను కూడా చెయ్యలేను. తిట్టడానికి మనిషి దొరక్క, కొబ్బరికాయలన్నీ ఒక్కొక్కటీ క్యాంటీనువాడికి ఇచ్చేసి వచ్చాను.

విశాఖపట్నం

నేను వైజాగు చూడ్డం అదే మొదలు. మా పెద్దల దేశం అని ఊహించుకున్నాను. టీ బండి దగ్గర అలవాటు కొద్దీ "భయ్యా, ఏక్ చాయ్" అన్నాను. అతను నాతో హిందీలోనే మాట్లాడాడు. నేను తెలుగుదాన్ని అంటే నమ్మలేదు. అండమాన్ అని చెప్తే, అక్కడ జైలు కదా, మీవాళ్ళలో ఎవరు ఖైదీ అని అడిగాడు. వలలు పట్టుకుని వచ్చినవాళ్ళం బాబూ, మాకేం శిక్ష పడలేదు అన్నాను. టీ బాగానే ఉంది, మా దగ్గర కంటే చవక, గ్లాసు మాత్రం బొటనవేలంత.

ఆస్పత్రి అద్దాల మేడ. లోపలికి అడుగుపెట్టగానే మనిషంత ఎత్తు రోబో బొమ్మ అట్టతో చేసి నిలబెట్టారు. దాని పక్కన నిలబడి జనం ఫోటోలు తీసుకుంటున్నారు. నా ఎండుచేపల మూట గుమ్మం దగ్గరే ఆపేశారు, వాసన అని. సముద్రం ఒడ్డునున్న ఊళ్ళో చేప వాసన పనికిరాదట. ఇడ్లీ బండి ఆవిడకిచ్చి వచ్చాను. ఆవిడ మూట ముక్కుకి ఆనించుకుని, ఏ ఊరమ్మా ఇంత మంచి ఎండుచేపలు అంది. ఆ ఊళ్ళో నన్ను సరిగ్గా పలకరించింది ఆవిడొక్కతే.

కోటు వేసుకున్న అమ్మాయి ఒకతె నన్ను చల్లగదిలో కూర్చోబెట్టింది. రోబో ఎంత సన్నగా పని చేస్తుందో, ఎంత చిన్న గాటు పెడుతుందో చెప్తూనే ఉంది. ముసలివాళ్ళకి దేవుడిచ్చిన వరం అంది. ఆ చెప్పినంతసేపూ అత్త స్ట్రెచరు వరండాలో ఉంది. నేను లేచి, ఆ రోబోని ఒకసారి చూస్తానన్నాను. ఎందుకని అడిగింది. దాని కోసం మూడు రోజులు సముద్రం మీద వచ్చాం, చూడకూడదా అన్నాను.

గాజు తలుపు అవతల నుంచి చూపించింది. మూల నిలబెట్టి తెల్లటి ప్లాస్టిక్ కవరు కప్పి ఉంది. మా ఇంట్లో ఫ్రిజ్ కొన్న కొత్తలో అలాగే కప్పి ఉంచేవాళ్ళం.

డాక్టరమ్మ

ఎముకల డాక్టరు ఆడమనిషి. మర్నాడు పొద్దున్న కొత్త ఎక్స్‌రే, పోర్ట్ బ్లెయిర్ ఎక్స్‌రే రెండూ పక్కపక్కన పెట్టింది. చాలాసేపు చూసింది.

"ఇది ఎప్పుడు తీసింది?"

సోమవారం అన్నాను. కిందటి సోమవారం.

ఆవిడ కుర్చీ నా వైపు తిప్పుకుని, నాకు అర్థమయ్యేలా చెప్పింది. రోబో దానంతట అది ఆపరేషను చెయ్యదు. స్క్రూ ఏ దారిన వెళ్ళాలో చూపిస్తుంది, చెయ్యి వణక్కుండా పట్టుకుంటుంది, అంతే. ముక్క దాని చోటులో ఉన్నప్పుడే ఆ స్క్రూలు పనికొస్తాయి. ఇప్పుడు ముక్క జారిపోయింది, రోజులైపోయాయి, లోపలికి రక్తం అందడం లేదు. ఇక అతకదు. ఎముక తలకాయ తీసేసి లోహపు గుండు పెట్టాలి. అది చేత్తో చేసే పని, దానికి వీళ్ళ రోబో పనికిరాదు.

"అయితే సోమవారమే మా దగ్గర చేయించి ఉంటే?"

"మూడు స్క్రూలతో సరిపోయేది. రోబో ఉన్నా, లేకపోయినా."

ఆవిడ అబద్ధం చెప్పలేదు, అందుకు దండం. అయితే కింద అట్టబొమ్మ పక్కన ఈ మాట ఎందుకు రాయరు? పెద్దవాళ్ళ ఎముక విరిగితే దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి ముందు వెళ్ళండి అని ఆ వీడియోలో ఒక్క ముక్క ఎందుకు చెప్పరు? చల్లగదిలో అమ్మాయి ఎక్స్‌రే చూడకుండానే వరం అని ఎలా చెప్పింది? ఆ మాటే ఆమెని అడిగాను. డాక్టర్లే నిర్ణయిస్తారు మేడం అంది. నన్ను మేడం అంటే మర్యాద అనుకున్నాను, తలుపు వేసెయ్యడం అని తర్వాత తెలిసింది.

రాజుకి ఫోను చేశాను. వాడు అంతా విని, హైదరాబాదులో ఇంకా పెద్ద రోబో ఉందంట వదినా, ఒప్పుకోకు, అక్కడికి తీసుకెళ్దాం అన్నాడు.

మరిదిని నేను ఎప్పుడూ గట్టిగా అనలేదు. ఆ రోజు అన్నాను.

"రాజూ, మీ అమ్మ కాలు జానెడు పైకి పోయింది. నీ ఫోను జేబులో పెట్టుకో."

డాక్టరమ్మ అప్పుడు మంచం దగ్గరికి వచ్చి, అత్త పక్కన కూర్చుంది. ఎనిమిది రోజుల్లో అత్తని నేరుగా అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఏం పని చేస్తావమ్మా, నీకేం కావాలి అని అడిగింది.

"పీట ముందు గొంతుక్కూకుని సేపలు కొయ్యాల. అవుద్దా?"

డాక్టరమ్మ అత్త చెయ్యి పట్టుకుంది. "నడుస్తావమ్మా. నడిపిస్తాను. కింద కూర్చోవడం మాత్రం ఇంక వద్దు. గుండు జారిపోద్ది."

"మూడు స్క్రూలేసుంటే కూకుందునా?"

"కూర్చునేదానివేమో."

అత్త తల తిప్పి నా వైపు చూసింది. కోపంగా కూడా లేదు.

"సంతకం నువ్వే ఎట్టినావు కాదేటే. నన్నొక్క మాట అడగలేకపోనావా?"

సాకులు చాలానే ఉన్నాయి. మా ఆయన వేటలో ఉన్నాడు, రాజు తొందరపెట్టాడు, వీడియోలో పాట వచ్చింది. ఇవన్నీ నిజమే. అత్త మాత్రం నాకు రెండడుగుల దూరంలో ఉంది, తెలివిలోనే ఉంది, నోరు ఉంది. కాలు ఆవిడది. అడగడానికి నాకు చదువేం కావాలి?

మర్నాడు ఆపరేషను చేత్తోనే చేశారు. బాగా చేశారు.

తిరిగి ఇంటికి

మూడో రోజుకి వాకరు పట్టుకుని నిలబడింది. మూడు వారాలున్నాం. అప్పటికి అత్త కూర్చోగలదు కాబట్టి విమానంలో వచ్చాం. మూడు రోజుల నీళ్ళు రెండు గంటల్లో కిటికీ కింద నుంచి పోయాయి. అత్త అటు చూడలేదు.

ఇప్పుడు బాగానే నడుస్తుంది. జెట్టీ దగ్గర మా ఆయన ఎత్తు బల్ల చేయించి, చెక్క మీద పెట్టి నిలబడి కొయ్యమన్నాడు. రెండు రోజులు కోసింది. కత్తిపీట మీద ఉరికిన చెయ్యి చెక్క మీద ఆడలేదు, వేలు తెగింది. మూడో రోజు నుంచి పీట నాకిచ్చేసింది. నేను కోస్తుంటే పక్కన కుర్చీలో కూర్చుని వంకలు పెడుతుంది. బెంగాలీవాళ్ళు నా కోత చూసి, బూఢీమా, అంటే ముసలమ్మ, ఎప్పుడు మొదలెడుతుంది అని అడుగుతారు. ఆవిడ నా కోతకి ఇంకో వంక పెడుతుంది.

పోయిన నెల బ్రూక్షాబాద్ నుంచి ఒకతను జెట్టీకి వచ్చాడు. వాళ్ళమ్మ ముందు రోజు బావి దగ్గర పడిందట. పోర్ట్ బ్లెయిర్ ఆస్పత్రిలో ఉంది, రేపు ఆపరేషను చేస్తామన్నారట. రోబో ఆస్పత్రి నంబరు కావాలట. మమ్మల్ని అడగమని పంపించింది ఎవరనుకున్నారు? మా రాజే. అమ్మ నడుస్తోంది కదా, చూడు అని చెప్పాడట.

నేను కత్తిపీట ముందు నుంచి లేచి తిట్టబోయాను. అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"మీయమ్మనడిగినావా బాబూ?"

అమ్మకేం తెలుసు అన్నాడు.

అత్త వాకరు తీసుకుని లేచింది. "ఫెర్రీ ఉంది. పద" అంది. వైజాగు నుంచి ఇంటికొచ్చాక ఆవిడ ఫెర్రీ ఎక్కడం అదే మొదటిసారి. నేను చేపలు పక్క బండి వాళ్ళకి అప్పగించి వెనకాల పరిగెత్తాను. ఆస్పత్రిలో ఆ ముసలావిడ మంచం పక్కన అత్తకి కుర్చీ వేశారు. నువ్వేం పని చేస్తావని అత్త అడిగింది. కింద కూర్చుని కొబ్బరాకు చీపుర్లు కడతానని చెప్పింది ఆవిడ. అయితే రేపే చేయించుకో అంది అత్త. ఆవిడ కొడుకు వైపు చూసి, రేపే చెయ్యమను రా అంది.

అతను అప్పటికీ ఫోను తీసి, "కానీ రోబో అయితే..." అన్నాడు. అత్త కుర్చీలోంచి లేచి, నేల మీద కూర్చోబోయినట్టు వంగింది. సగం దాకా వంగి ఆగిపోయింది. అక్కడి నుంచి కిందికి ఇంక లేదు. అలా వంగే నిలబడి అతని మొహంలోకి చూసింది. చూసి చూసి అతను ఫోను లోపల పెట్టుకున్నాడు.

ఆవిడకి మర్నాడు పొద్దున్నే చేశారు. మొన్న కబురు పంపింది, పీట మీద కూర్చుంటోందట. అత్త విని బాగుందంది. తర్వాత కుర్చీని కత్తిపీట వైపు నుంచి సముద్రం వైపు తిప్పుకుంది.

నాకు తెలిసింది ఇంతే. ఓపిగ్గా ఇంతవరకు చదివారు కాబట్టి అడుగుతున్నాను, ఇందులో అక్షరాలు తప్పు పడి ఉంటాయి, వాటిని మీరే దిద్దుకుని చదువుకోండి, నన్ను మన్నించండి. అత్తకి చదువు రాదు, అందుకని ఇదంతా పైకి చదివి వినిపించాను. మన్నించమని ఆవిణ్ణి కూడా అడిగాను. చేపలు ఎండిపోతున్నాయి, నీళ్ళు చల్లమంది.